దీవెన మీదే, వీలునామా సంగతి వేరు

కోస్తా జిల్లాల నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆయనకు 52 ఏళ్లు. ముగ్గురు సంతానంలో చివరివాడు. అన్నయ్య చాలా ఏళ్లుగా గల్ఫ్‌లో ఉంటున్నారు. అక్క పెళ్లయి వేరే జిల్లాలో స్థిరపడ్డారు. తండ్రి ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు 86 ఏళ్లు. నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. తల్లికి 79. ఇద్దరినీ కనిపెట్టుకుని ఉంటున్నది ఈయన, ఈయన భార్య. తండ్రి తన జీతం డబ్బుతో కట్టిన ఇల్లు, కొన్న రెండెకరాల మాగాణి ఉన్నాయి.

రెండేళ్ల కిందట తండ్రికి జబ్బు చేసి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, తల్లి ఈయనతో "మీ అన్నయ్య వస్తే ఆయన మనసు మారిపోతుంది, ఇప్పుడే రాయించుకో" అన్నారు. తండ్రి కోరిక ఏమిటంటే, ఇల్లు చిన్నవాడికి, పొలం అన్నదమ్ములిద్దరికీ చెరిసగం. రాయించిన వీలునామాలో మాత్రం రెండూ ఈయన పేరనే ఉన్నాయి. తండ్రికి చదివి వినిపించింది ఈయనే. పొలం సంగతి ఉన్న పేరా దాటేసి చదివారు. ముసలాయన ఆగి, "పొలంలో పెద్దవాడి పేరు పెట్టావా?" అని అడిగారు. "పెట్టాం నాన్నా" అన్నారు ఈయన. తండ్రి తడుముకుంటూ సంతకం చేశారు. తరవాత కొడుకు తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించి దీవించారు.

ఈ క్రిస్మస్‌కు అన్నయ్య వస్తున్నారు. "పెద్దవాడు రానీ, వాణ్ణి కూడా దీవించి పంపాలి" అని తండ్రి రోజూ అంటున్నారట. ఆ మాట విన్నప్పుడల్లా ఈయనకు ముద్ద దిగడం లేదు. తమ సంఘంలో ఒక పెద్దాయనకు చెప్పుకుంటే, "యాకోబు దీవెన పొందిందీ అలాగే కదా, దేవుడు అతణ్ణే ఏర్పరచుకున్నాడు, దిగులు పడకు" అన్నారట. తల్లి "తప్పేదైనా ఉంటే నా మీద ఉండనీ" అంటున్నారు. అబద్ధం చెప్పి పొందిన దీవెన నిలుస్తుందా, ఈ వయసులో నాన్నకు నిజం చెప్పడం న్యాయమేనా, చెబితే అమ్మ ఏమైపోతుంది అన్నవి ఈయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో "పెట్టాం నాన్నా" అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. ఆ రెండు మాటలు మీరు దాచకుండా రాశారు. సగం దారి మీరే నడిచి వచ్చారు. మిగతాది కలిసి చూద్దాం.

ముందు ఆ పెద్దాయన చెప్పిన ఓదార్పు గురించి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ బైబిల్లోని ఆదికాండం 27వ అధ్యాయాన్ని ఆ ఓదార్పు కోసం వాడుకోవడానికి వీల్లేదు. చూపు తగ్గిన తండ్రి ఇస్సాకు పెద్దకొడుకు ఏశావుకు ఇవ్వబోయిన దీవెనను, తల్లి రిబ్కా చెప్పినట్టు చిన్నకొడుకు యాకోబు అన్న బట్టలు వేసుకుని, మేకపిల్లల చర్మాలు కట్టుకుని, తానే ఏశావునని చెప్పి పొందిన కథ అది. రిబ్కా గర్భంతో ఉన్నప్పుడే "పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడు" అన్న దైవవాక్కు వచ్చిన మాట నిజం. కానీ ఆ వాక్కు నెరవేరడానికి మేకపిల్లల చర్మాలు కట్టుకొమ్మని దేవుడు ఎక్కడా చెప్పలేదు. ఆ వాక్కును రిబ్కా తన భర్తకు చెప్పినట్టు కూడా గ్రంథంలో ఎక్కడా కనిపించదు. ఒకే గుడారంలో ఏళ్ల తరబడి కాపురం చేసిన ఇద్దరి మధ్య అంత పెద్ద మాట మూగగా ఉండిపోయింది. ఆ ఇంటి కష్టానికి మొదలు అక్కడే ఉందని నేననుకుంటాను.

ఆ గుడారంలోకి ఒకసారి మళ్లీ వెళ్లి చూడండి. ఇస్సాకుకు కళ్లు మసకబారాయి కానీ బుద్ధి మసకబారలేదు. వేట ఇంత త్వరగా ఎలా దొరికిందని అడుగుతాడు. "నీ దేవుడైన యెహోవా నా ఎదుటికి రప్పించాడు" అంటాడు యాకోబు, అబద్ధంలోకి దేవుడి పేరు కూడా లాగి. దగ్గరికి రమ్మంటాడు తండ్రి. చేతులు తడిమి, స్వరం యాకోబుది, చేతులు ఏశావువి అంటాడు. మళ్లీ అడుగుతాడు, నువ్వు నిజంగా నా కొడుకు ఏశావువేనా అని. "నేనే" అంటాడు కొడుకు. తిని, తాగి, ముద్దు పెట్టించుకుని, బట్టల వాసన చూసి, అప్పుడు గానీ దీవించడు. చూపు లేని తండ్రి మిగిలిన దారులన్నీ వెతుక్కున్నాడు. చివరికి కొడుకు నోటి మాట మీదే ఆధారపడ్డాడు. మీ నాన్నగారు "పెద్దవాడి పేరు పెట్టావా?" అని అడిగింది కూడా అలాంటి వెతుకులాటే.

ఆ తరవాత ఏశావు వేటాడి వండుకుని వస్తాడు. ఇస్సాకు గడగడ వణికిపోతాడు. ఏశావు పెద్ద కేక పెట్టి ఏడ్చి, "నాన్నా, నన్ను కూడా దీవించు, నీ దగ్గర ఒక్క దీవెనేనా ఉంది?" అంటాడు. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది. కథ చెప్పినవాడు యాకోబు వంశం వాడే. అయినా ఏశావు ఏడుపును తగ్గించి రాయలేదు. కావాలనే అంత వివరంగా నిలిపాడు.

యాకోబు ఆ తరవాత పడ్డదేదీ తేలికగా పోలేదు. హారానులో మేనమామ లాబాను దగ్గర 20 ఏళ్లు చాకిరీ. పద్నాలుగేళ్లు ఇద్దరు భార్యల కోసం, ఆరేళ్లు మందల కోసం. చీకట్లో చిన్నకూతురు రాహేలు బదులు పెద్దకూతురు లేయాను పంపి, పొద్దున్నే లాబాను చెప్పిన కారణం వినండి: పెద్దదానికంటే ముందు చిన్నదాన్ని ఇవ్వడం మా దేశంలో లేదు. పెద్దవాడి స్థానంలో నిలబడి దీవెన తీసుకున్న చిన్నవాడికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ముసలితనంలో సొంత కొడుకులే, తమ్ముడు యోసేపు చచ్చిపోయాడని నమ్మించడానికి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి, ఇది నీ కొడుకుదేనేమో చూడు అన్నారు. ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో వయసడిగితే, నా బతుకు దినాలు కొద్ది, అవీ దుఃఖంతో నిండినవి అన్నాడు. "ఆ శాపం నా మీదికి రానీ" అన్న రిబ్కా సంగతి? "కొన్నాళ్లు అక్కడ ఉండు" అని పంపిన కొడుకును ఆమె మళ్లీ చూసినట్టు గ్రంథం చెప్పదు. ఆమె చావు కూడా కథలో రాదు. ఆమె దాది దెబోరా చావు వస్తుంది, ఆమెది రాదు. మక్పేలా గుహలో పాతిపెట్టారని చాలా అధ్యాయాల తరవాత ఒక్క ముక్క ఉంటుంది, అంతే. మీ అమ్మగారు "నా మీద ఉండనీ" అనడంలో ప్రేమ ఉంది. కానీ ఆ బరువు ఆమె మోయలేరు, మీరు మోయించకూడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీరు రెండు వేరు వేరు విషయాలను కలిపేసి బాధపడుతున్నారు. దీవెన ఒకటి, ఆస్తి ఒకటి. హీబ్రూ గ్రంథాలు కూడా ఈ రెంటినీ విడిగానే చూస్తాయి. జ్యేష్ఠత్వాన్ని, అంటే పెద్దకొడుకు హక్కును, ఏశావు అంతకుముందే ఒక పూట ఎర్రని వంటకానికి అమ్ముకున్నాడు, దీవెన సంగతి తరవాత విడిగా వచ్చింది. ఆస్తి విషయంలో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం తండ్రి ఇష్టాయిష్టాలకు కళ్లెం వేస్తుంది. ఇద్దరు భార్యలున్నవాడు, ప్రేమించని భార్యకు పుట్టిన పెద్దకొడుకును పక్కనపెట్టి, ఇష్టమైన భార్య కొడుకుకు జ్యేష్ఠభాగం ఇవ్వకూడదు. పెద్దవాడికి రెండు పాళ్లు ఇచ్చి తీరాలి. దీవెనకు అలాంటి కొలతలు లేవు. అది నోటి మాట, ఒకసారి వెలువడితే వెనక్కి తీసుకోలేనిది.

ఆ కాలపు చుట్టుపక్కల సమాజాల్లో కూడా తండ్రి నోటి మాటకు ఎంత విలువ ఉండేదో చెప్పడానికి ఒక మట్టి పలక ఉంది. ఉత్తర ఇరాక్‌లో కిర్కుక్ దగ్గర నూజీ అనే పాత పట్టణాన్ని 1925 నుంచి 1931 దాకా తవ్వారు. అక్కడ దొరికిన వేల పలకల్లో ఒకదానిలో అన్నదమ్ముల తగాదా నమోదైంది. జబ్బుతో మంచం పట్టిన తండ్రి చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని, నీ అన్నలకు పెళ్లిళ్లయ్యాయి, నీకు కాలేదు, ఫలానా అమ్మాయిని నీకు భార్యగా ఇస్తున్నాను అన్నాడు. అన్నలు అడ్డం తిరిగారు. న్యాయాధికారులు తండ్రి మాటకే కట్టుబడి చిన్నవాడి పక్షాన తీర్పు ఇచ్చారు. ఆదికాండానికి, నూజీ పలకలకు ఎంత దగ్గరి సంబంధం అన్నదానిపై పండితుల్లో వాదాలున్నాయి. కానీ ఈ పలకలో నాకు నచ్చేది ఒకటి. ఆ తండ్రికి తానెవరి చెయ్యి పట్టుకున్నాడో తెలుసు.

మీ నాన్నగారికి కూడా తెలుసు. తల మీద చెయ్యి పెట్టినప్పుడు అది చిన్నకొడుకు తల అని తెలిసే పెట్టారు. మీరు అన్నయ్య వేషం వేయలేదు. ఇన్నేళ్లు అన్నం పెట్టి, మందులు వేసి, చెయ్యి పట్టుకుని నడిపించిన కొడుకును ఆయన మనసారా దీవించారు. ఆ దీవెన మీదే. దాన్ని మీరు దొంగిలించలేదు, ఎవరూ మీ దగ్గర నుంచి తీసుకోలేరు. మీరు తీసుకున్నది పొలంలో మీ అన్నయ్య సగం. అది కాగితం మీద ఉంది, కాగితాన్ని దిద్దవచ్చు.

యాకోబు కథలో చాలామంది గమనించకుండా దాటేసే చోటు ఒకటుంది. మోసంతో పొందిన 27వ అధ్యాయపు దీవెనలో ఉన్నవి ఆకాశపు మంచు, ధాన్యం, ద్రాక్షారసం, సోదరుల మీద ఏలుబడి. అబ్రాహాముకు చేసిన వాగ్దానం, అంటే ఆ దేశం, ఆ సంతతి, అందులో లేవు. అవి 28వ అధ్యాయం మొదట్లో వస్తాయి. ఇస్సాకు యాకోబును పిలిపించి, ఎదుట ఉన్నది ఎవరో పూర్తిగా తెలిసి, అబ్రాహాముకు ఇచ్చిన ఆశీర్వాదం నీకు కలుగుగాక అని పంపుతాడు. చర్మాలు లేవు, అన్నయ్య బట్టలు లేవు. తరతరాలు నిలిచిన వారసత్వం తండ్రి తెలిసి ఇచ్చిందే.

చాలా ఏళ్ల తరవాత అదే యాకోబు ఐగుప్తులో మంచం మీద ఉన్నాడు. వయసు 147, చూపు ఆనడం లేదు. యోసేపు తన కొడుకులను తెచ్చి, పెద్దవాడు మనష్షే తాత కుడిచేతి వైపు, చిన్నవాడు ఎఫ్రాయిము ఎడమచేతి వైపు వచ్చేలా నిలబెడతాడు. ముసలాయన చేతులు అడ్డంగా మార్చి కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెడతాడు. యోసేపు నొచ్చుకుని ఆ చెయ్యి పట్టుకుని తీయబోతాడు. "తెలుసు నాయనా, నాకు తెలుసు" అంటాడు తాత. ఈసారి కూడా చిన్నవాడికే పెద్దపీట. కానీ అందరి ముందూ, ఇద్దరు పిల్లలూ వింటుండగా జరిగింది. ఆ అన్నదమ్ముల మధ్య పగ పుట్టిందని గ్రంథం చెప్పదు. ఇప్పటికీ యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం తండ్రులు కొడుకుల తల మీద చేతులుంచి, దేవుడు నిన్ను ఎఫ్రాయిములా, మనష్షేలా చేయుగాక అంటారు. ఇద్దరి పేర్లూ కలిపే అంటారు.

అందుకే మీ రెండో ప్రశ్నకు నా మొగ్గు ఎటో దాచను. నాన్నగారి బుద్ధి స్థిమితంగా ఉంటే నిజం చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. అయినా మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను. నిర్ణయం మీది.

ఏమీ చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆయన పోయాక వీలునామా బయటికొస్తుంది. భారతీయ క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. అందులో 61వ సెక్షన్ ప్రకారం మోసంతోనో బలవంతంతోనో రాయించిన వీలునామా గానీ, అందులోని ఆ భాగం గానీ చెల్లదు. చూపు లేనివారు వీలునామా రాయవచ్చు, కానీ తాము చేస్తున్నది ఏమిటో వారికి తెలిసి ఉండాలని 59వ సెక్షన్ అంటుంది. అన్నయ్య కోర్టుకు వెళితే సాక్షులను పిలుస్తారు, చదివి వినిపించింది ఎవరని అడుగుతారు. అప్పుడు మీరు రెండో అబద్ధం చెప్పాలి, లేదా నిజాన్ని బోనులో చెప్పాలి. ఆయన వెళ్లకపోతే కేసు ఉండదు, కానీ ఆ కాగితం చదివాక తనను నాన్నే మరిచిపోయాడని జీవితాంతం అనుకుంటారు. మీ అబద్ధానికి చెడ్డపేరు నాన్నగారికి వస్తుంది. నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే. యాకోబు చనిపోయాక, తాము ఒకప్పుడు చేసిన కీడుకు యోసేపు పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు భయపడి, మమ్మల్ని క్షమించమని చావకముందు నాన్న నీకు చెప్పమన్నాడు అని తమ్ముడికి కబురు పంపారు. నాన్న నిజంగా అలా అన్నట్టు కథలో ఎక్కడా లేదు. యోసేపు అది విని ఏడ్చాడు. తండ్రి బతికుండగా అనుకోవలసిన మాటలను ఆయన పోయాక వెతుక్కోవలసి రావడం అంటే అదే.

నాన్నగారికి చెప్పడం రెండో దారి. వీలునామా రాసినవారు బతికి, స్థిమితంగా ఉన్నంతకాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మీకు ఇంకా వీలు ఉంది అనడానికి ఆధారం ఇదే. ఆయన హుషారుగా ఉండే వేళ చూసి, ఒంటరిగా కూర్చుని, చిన్న మాటల్లో చెప్పండి: "నాన్నా, ఆ రోజు మీరు పొలంలో అన్నయ్య పేరు పెట్టావా అని అడిగారు. పెట్టలేదు. నేను అబద్ధం చెప్పాను." అమ్మ పేరు ఎత్తకండి. చదివింది మీరు, జవాబు చెప్పింది మీరు. ఆయన కోప్పడవచ్చు, ఏడవవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఇస్సాకు వణికినట్టే వణకవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి. ఆయన మరిచిపోయి మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పండి.

తరవాత కొత్త వీలునామా రాయించేటప్పుడు చదివేది మీరు కాకూడదు, మీ భార్య కాకూడదు. ఆస్తితో సంబంధం లేని వ్యక్తి మొత్తం పైకి చదవాలి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆస్తి పొందేవారు గానీ, వారి భార్యాభర్తలు గానీ సాక్షి సంతకం చేస్తే వారికి రాసింది చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ, ఈ వయసులో చేయించడమే మేలు. మానసికంగా స్థిమితంగా ఉన్నారని డాక్టర్ రాసిచ్చిన కాగితం కూడా జత చేయండి. ఇల్లు మీకే ఇస్తానని ఆయన మళ్లీ అంటే సంకోచం లేకుండా తీసుకోండి. నిజం చెప్పాలంటే మీరు మొదటే నోరు తెరిచి, ఇన్నేళ్లు మేమే చూసుకున్నాం, పొలంలో కొంచెం ఎక్కువ ఇవ్వండి అని అడిగినా తప్పయ్యేది కాదు. సేవ చేసిన కొడుకు అడగడంలో సిగ్గేమీ లేదు.

నాన్నగారికి మతిమరుపు బాగా ముదిరి, చెప్పినా అర్థం కాని స్థితిలో ఉంటే ఆయన్ని కదిలించకండి. అప్పుడు అన్నయ్యకు నేరుగా చెప్పి, సగం పొలం ఆయనదేనని ఒప్పుకుంటూ లాయర్ చేత రాతపూర్వకంగా ఏర్పాటు చేయించండి. నాన్నగారికి మనశ్శాంతి మిగులుతుంది. కానీ ఆయన తెలిసి ఇవ్వడం అన్నది ఈ దారిలో ఉండదు.

అన్నయ్య సంగతి. యాకోబు 20 ఏళ్ల తరవాత ఏశావును కలవడానికి వెళుతూ 550 పశువులను ముందు పంపాడు, పాలిచ్చే ఒంటెల పిల్లలు కాక. ఏడుసార్లు నేలకు వంగాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని, "నాకు చాలినంత ఉంది తమ్ముడా, నీది నువ్వే ఉంచుకో" అన్నాడు. చాలా గొప్ప ఘట్టం. అయితే ఆ ఘట్టంలో యాకోబు "ఆ రోజు నేను మోసం చేశాను" అని నోటితో అనలేదు. అన్న ఉండే శేయీరుకు వస్తానని చెప్పి, వేరే చోటైన సుక్కోతుకు వెళ్లిపోయాడు. మళ్లీ వాళ్లు కలిసినట్టు చెప్పేది తండ్రిని పాతిపెట్టిన చోటే. మీరు వాటా ఇచ్చి ఊరుకోకండి, జరిగింది నోటితో చెప్పండి. అన్నయ్య ఏశావులా కౌగిలించుకుంటారన్న హామీ నేను ఇవ్వలేను. కొంతకాలం దూరం జరగవచ్చు కూడా.

మీ అక్కగారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు: "పెళ్లప్పుడే ఇచ్చేశాం." సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా ఐదుగురూ మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇవ్వండి అని అడిగారు. వారు అడిగింది న్యాయమే అన్నాడు దేవుడు. బైబిల్లోని మరో తండ్రి యోబు అయితే కొడుకులున్నా వారితో పాటు కూతుళ్లకూ స్వాస్థ్యం ఇచ్చాడు. వీలునామా అసలు లేకపోతే మన చట్టం ప్రకారం ఆస్తిలో మూడో వంతు అమ్మగారికి, మిగిలిన రెండు వంతులు మీ ముగ్గురికీ సమానంగా వస్తాయి, అక్కగారితో సహా. నాన్నగారు ఆమెకు ఏమీ ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. కానీ కొత్తగా రాసేటప్పుడు ఆ ప్రశ్న ఆయన ముందు పెట్టండి, ఆయన్నే జవాబు చెప్పనివ్వండి.

అమ్మగారి భయం ఆస్తి గురించి మాత్రమే కాదని నాకనిపిస్తోంది. 79 ఏళ్ల మనిషికి తాను ఎవరింట్లో, ఎవరి దయ మీద పోవాలి అన్న దిగులు ఉంటుంది. మీరు దగ్గరున్న కొడుకు కాబట్టి మీ చేతిలో అన్నీ ఉంటే తనకు భరోసా అనుకున్నారు. జీవించినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంటుందని కొత్త వీలునామాలో స్పష్టంగా రాయించండి. ఆ సంగతి నాన్నగారితో మాట్లాడడానికి ముందే ఆమెకు చెప్పండి. తనను ఎవరి ముందూ నిలబెట్టడం లేదని కూడా చెప్పండి. ఆమె ఒప్పుకోకపోవచ్చు. అప్పటికీ నాన్నగారికి మీరు చెప్పవలసింది మీ మాటే.

చావు దగ్గరపడిందనుకుని దీవెనలిచ్చిన ఇస్సాకు ఆ తరవాత నలభై ఏళ్లకు పైగా బతికాడు. మీ నాన్నగారికి ఎంత గడువుందో మనకు తెలియదు. క్రిస్మస్ దాకా ఆగకండి. అన్నయ్య వచ్చేసరికి నాన్నగారికి విషయం తెలిసి ఉండాలి, అప్పుడే ఆయన ఇద్దరినీ పిలిచి మాట్లాడగలరు. అన్నయ్యకు మాత్రం ఫోనులో చెప్పకండి, వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆయన్ని దీవించే రోజున మీరూ ఆ గదిలోనే ఉండండి. యాకోబు చివరి రోజున పన్నెండు మంది కొడుకులనూ ఒక్కచోటికి పిలిచి, ఎవరి దీవెన వారికి ఇచ్చాడు.